లాటిన్ మానిపించి తెలుగు నేర్పించమంటారా?

టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ నగర శివారున నివసిస్తున్న ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తమ పేరు, ఊరి పేరు బయటపెట్టవద్దని కోరారు కనుక వాటిని వదిలి, సంగతులను మాత్రం ఆవిడ చెప్పిన వరుసలోనే క్లుప్తంగా ఇస్తున్నాను.

భార్యాభర్తలిద్దరిదీ గుంటూరు జిల్లా. రెండు కుటుంబాలూ మూడు తరాలుగా లూథరన్ సంఘానికి చెందినవే. వారికి పదకొండేళ్ళ కూతురు, ఆరేళ్ళ కొడుకు ఉన్నారు. కూతురిని మూడో తరగతిలో ఒక క్లాసికల్ క్రిస్టియన్ స్కూల్లో చేర్చారు. ఆ బడిలో మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు లాటిన్ తప్పనిసరి. తొమ్మిదో తరగతి నుంచి కావలసినవారు గ్రీకు తీసుకోవచ్చు. మొదటి రెండేళ్ళు ఆ అమ్మాయి లాటిన్ క్రియారూపాలను "ఆమో, ఆమాస్, ఆమాత్" అని ఇల్లంతా తిరుగుతూ పాటలాగా పాడుకునేది, పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకునేది. ఇప్పుడు ఆరో తరగతికి వచ్చాక పేరాలకు పేరాలు అనువదించవలసి వస్తున్నది, మార్కులు పడిపోయాయి. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపునొప్పి అంటున్నది. రోజూ గంటన్నర లాటిన్ హోంవర్కుకే పోతున్నదని, శనివారం వెళ్ళే తెలుగు తరగతిని తండ్రి మానిపించారు.

ఇంతలో ఆరు నెలలు ఉండి వెళ్దామని అత్తగారు గుంటూరు నుంచి వచ్చారు. ఆవిడ రోజూ సాయంత్రం మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు బైబిలు చదువుతారు. రెండు నిమిషాలకు ఆ పిల్ల ఏమీ అర్థంకాక లేచిపోతుంది. ఒకరోజు ఆ పెద్దావిడ బాధపడి, "నాయనమ్మతో మాట్లాడటం రాని పిల్లకి ఎవరూ మాట్లాడని భాష దేనికమ్మా?" అని అడిగారట. ఆ మాట పట్టుకుని మన పాఠకురాలు భర్తతో వాదనకు దిగితే, ఆయన కూతురి ఎదుటే "ఇది నీకు తెలియని విషయం, ఇందులో కలగజేసుకోకు" అన్నారు. భర్త తాతగారు పల్లెలో ఉపదేశిగా పనిచేశారని, గ్రీకు నేర్చుకోవాలని ఆయనకు ఎంతో కోరిక ఉన్నా తీరలేదని కూడా ఈ ఉత్తరంలో ఒకచోట ఉన్నది.

క్రైస్తవ బిడ్డకు లాటిన్, గ్రీకు నిజంగా అవసరమా, వచ్చే ఏడాదికి స్కూలు వారు ఫిబ్రవరి ఆఖరులోగా సంతకం చెయ్యమంటున్నారు గనుక పిల్లను అక్కడినుంచి తీసేయాలా, కొడుకును కూడా అక్కడే చేర్పించవచ్చా అన్నవి ఆవిడ ప్రశ్నలు. ఉత్తరం చివర ఒక్క వాక్యం విడిగా రాశారు. మొన్న రాత్రి నిద్రపోయే ముందు కూతురు "నాకు తెలివి లేదా అమ్మా?" అని అడిగిందట.

అమ్మా, మీ మూడు ప్రశ్నల కన్నా ముందు మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. నేను కొన్నేళ్ళపాటు క్రైస్తవ వేదాంత విద్యార్థులకు కొత్త నిబంధన గ్రీకు చెప్పినవాణ్ణి. మీరు వర్ణించిన పరిస్థితిని పెద్దవాళ్ళలోనే ఎన్నోసార్లు చూశాను. శబ్దరూపాలను వరసగా అప్పజెప్పగలిగిన విద్యార్థి, ఆ రూపమే ఒక వాక్యం మధ్యలో ఎదురైనప్పుడు గుర్తుపట్టలేక నిలబడిపోతాడు. ఎందుకంటే వల్లెవేయడం ఒక పని, విడదీసి చూడటం వేరొక పని. మీ పాప మొదటి పనిలో బాగా గెలిచింది. రెండో పని ఎలా చెయ్యాలో ఆమెకు ఇంకా ఎవరూ సరిగా చూపించినట్టు లేదు. అది తెలివికి సంబంధించిన లోపం కాదని ఆమెకు ఈ రాత్రే చెప్పండి. అయితే ఒక్క విషయం గమనించండి. ఇంగ్లీషు స్పెల్లింగులోనూ, గట్టిగా చదవడంలోనూ కూడా ఆమె తడబడుతున్నట్లయితే, చదవడంలో ఇబ్బంది ఏమైనా ఉన్నదేమో నిపుణుల చేత పరీక్ష చేయించడం మంచిది. ఇబ్బంది లాటిన్ ఒక్కదానిలోనే అయితే దానికి కారణం బోధనలో వచ్చిన మలుపే.

ఆ మలుపు ఎక్కడిదో తెలిస్తే మీకు స్కూలు వారితో మాట్లాడే ధైర్యం వస్తుంది. మీ పాప చదివే తరహా బడులకు మూలం 1947లో ఆక్స్‌ఫర్డులో డొరతీ సేయర్స్ అనే ఆంగ్ల రచయిత్రి చేసిన ఒక ప్రసంగం. మధ్యయుగాల ఐరోపాలో వ్యాకరణం, తర్కం, అలంకారం అనే మూడు విద్యలను కలిపి ట్రివియం అనేవారు. ఆవిడ ఆ మూడింటినీ పిల్లల మూడు వయసులకు ముడిపెట్టారు. దేనినైనా ఇష్టంగా కంఠస్థం చేసే చిలుక వయసు మొదటిది, పన్నెండేళ్ళ ప్రాంతాన మొదలయ్యే ఎదురు ప్రశ్నల వయసు రెండోది, తనను తాను వ్యక్తం చేసుకోవాలని తపించే కవితా వయసు మూడోది. విద్యకు అన్నిటికన్నా మంచి పునాది లాటిన్ వ్యాకరణమేనని, అది వస్తే మిగతా చదువులలో సగం శ్రమ తగ్గుతుందని కూడా ఆవిడ అన్నారు. 1981లో ఐడహో రాష్ట్రంలోని మాస్కో అనే చిన్న పట్టణంలో ఈ ఆలోచనతో ఒక బడి మొదలైంది. 1990లలో అటువంటి బడులు అమెరికా అంతటా పెరిగాయి. ఆ ప్రసంగంలోనే సేయర్స్, పిల్లల మనస్తత్వం గురించిన తన అభిప్రాయాలు శాస్త్ర సమ్మతమైనవి కావని, తన చిన్నతనాన్ని తలచుకుని చెబుతున్నవని ఒప్పుకున్నారు. మధ్యయుగాలలో ట్రివియం అంటే మూడు పాఠ్యాంశాలే తప్ప మూడు వయసులు కావు. కాబట్టి మూడో తరగతిలో వల్లెవేయడం, ఆరో తరగతిలో అనువదించడం అన్న ఆ క్రమం ఒక ఆలోచనాపరురాలి సూచన మాత్రమే. ఎందరో పిల్లలకు అది పనికివచ్చింది. మీ పాపకు ఈ సంవత్సరం అందులో కొంత సడలింపు కావాలని అడగడం తప్పు కానే కాదు.

ఇక క్రైస్తవ బిడ్డకు ఈ భాషలు అవసరమా అన్న ప్రశ్న. రక్షణకు అవసరం కాదని వేరే చెప్పనక్కరలేదు. సంఘానికి అవసరమా అంటే, అవును, ఎవరో కొందరికి అవి రావాలి. యేసు సిలువ మీద పెట్టిన పైవిలాసం హెబ్రీ, గ్రీకు, రోమా (అంటే లాటిన్) భాషలలో రాయబడిందని యోహాను సువార్త 19వ అధ్యాయం చెబుతుంది. కొత్త నిబంధన అంతా ఆనాటి సామాన్యులు మాట్లాడుకున్న గ్రీకులో వచ్చింది. నాలుగో శతాబ్దం చివర జెరోము అనే పండితుడు సరిదిద్ది, తర్జుమా చేసి ఇచ్చిన లాటిన్ బైబిలు వెయ్యేళ్ళకు పైగా పశ్చిమ ఐరోపా సంఘాలకు ఆధారమైంది. మీవారు లాటిన్‌ను "మన సంఘం భాష" అంటున్నారని రాశారు. లూథరన్ కుటుంబం వారు ఆ మాటను కొంచెం సరిచేసుకోవాలి. మీ సంఘానికి మూలపురుషుడైన లూథరు 1517లో తన తొంభై అయిదు సిద్ధాంతాలను రాసింది లాటిన్‌లోనే, అయితే 1522లో కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చేటప్పుడు ఆయన ముందు పెట్టుకున్నది ఎరాస్మస్ అనే పండితుడు అచ్చువేయించిన గ్రీకు ప్రతి. లేఖనమే మీవారి వాదానికి ఆధారమైతే, ఆ వాదం లాటిన్ కన్నా గ్రీకునే గట్టిగా సమర్థిస్తుంది. బడులు లాటిన్‌ను ముందు పెట్టడానికి కారణాలు వేరు. లిపి ఇంగ్లీషుదే, ఇంగ్లీషు మాటల్లో సగానికి పైగా నేరుగానో ఫ్రెంచి ద్వారానో లాటిన్ నుంచి వచ్చినవే, చెప్పడానికి ఉపాధ్యాయులు కూడా గ్రీకు కన్నా తేలికగా దొరుకుతారు. ఇవన్నీ న్యాయమైన కారణాలే, అయినా వాటిలో భక్తి విషయం ఏమీ లేదు.

లూథరు గురించే ఇంకొక మాట చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో జరుగుతున్న వాదనకు ఆయన దగ్గర రెండు వైపులా సమాధానం ఉన్నది. 1524లో జర్మనీ నగరాల పాలకులకు రాసిన లేఖలో ఆయన, ఆత్మ ఖడ్గం, అంటే దేవుని వాక్యం, ఈ ప్రాచీన భాషలు అనే ఒరలోనే ఉన్నదని, వాటిని వదులుకుంటే సువార్తను కూడా పోగొట్టుకుంటామని హెచ్చరించాడు. మీవారి పక్షాన ఇంతకన్నా బలమైన సాక్షి దొరకడు. ఆ మనిషే 1530లో అనువాదం గురించి రాస్తూ, జర్మన్ ఎలా మాట్లాడాలో లాటిన్ అక్షరాలను అడగకూడదని, ఇంట్లో తల్లిని, వీధిలో పిల్లలను, బజారులో సామాన్యుణ్ణి అడిగి వాళ్ళ నోటి వెంట వచ్చే మాటను పట్టుకోవాలని అన్నాడు. గ్రీకు నేర్చినది అమ్మ మాటలోకి తేవడానికే. మన దగ్గర కూడా అదే జరిగింది. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజిలు, వారికి తోడుగా నిలిచిన ఆనందరాయరు కలిసి చేసిన శ్రమ ఫలితంగా 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో తెలుగు సువార్తలు అచ్చయ్యాయి. మీ సంఘం చరిత్ర మొదలైన 1842లో, లూథరన్ మిషనరీ హయ్యరు గారు గుంటూరులో అడుగుపెట్టేనాటికి, తెలుగులో చదివి వినిపించడానికి కొంత లేఖనభాగమైనా ఉన్నదంటే అటువంటి పరిశ్రమ వల్లనే. మీ అత్తగారు రోజూ పలికే "సువార్త" అన్న మాటనే చూడండి. గ్రీకు "యువాంగెలియోన్" అన్న పదంలో "యు" అంటే మంచి, "ఆంగెలియా" అంటే వార్త. ఆ "యు", మన "సు" ఒకే మూలం నుంచి పుట్టినవని భాషాశాస్త్రం చెబుతుంది. బాప్తిస్మము, అపొస్తలుడు, పెంతెకొస్తు అన్న మాటలు గ్రీకు నుంచి దాదాపు అలాగే మన నాలుక మీదికి వచ్చాయి. మీ అత్తగారికి గ్రీకు రాదని మీరు అనుకుంటున్నారు. ఆవిడకు కొంత వచ్చు.

అందుచేత మీ ఇంట్లో లాటిన్‌కూ తెలుగుకూ మధ్య పోటీ పెట్టినవారు, మీరైనా మీవారైనా, పొరబడుతున్నారని నా నమ్మకం. అక్కడ నిజంగా పోటీ పడుతున్నవి గంటలు. ఆ లెక్క వేరుగా చూసుకుందాం.

అంతకన్నా ముందు ఒక సంగతి. లాటిన్ నేర్చుకుంటే మెదడు పదునెక్కుతుందని, పరీక్షలన్నిటిలో మార్కులు పెరుగుతాయని స్కూలు వారు చెప్పారని రాశారు. దాని మీద ఆశలు పెట్టుకోకండి. 1924లోనే థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, లాటిన్ చదివినవారికి మిగతా విషయాలలో ప్రత్యేకంగా ఒరిగినదేమీ లేదని తేల్చాడు. జర్మనీలో చేసి, 2003లో వెలువరించిన ఒక అధ్యయనంలో, లాటిన్ చదివి స్పానిష్‌కు వచ్చినవారి కన్నా ఫ్రెంచి చదివి వచ్చినవారే బాగా రాణించారు. లాటిన్ చదవవలసింది లాటిన్‌లో ఉన్నవాటి కోసం. కీర్తనలు, సంఘ గురువులు అగస్టీను, అక్వినాసుల రచనలు, ఇంకా రోమను కవి వర్జిలు, వక్త సిసెరోల రచనలు, ఇవి మీ పాపకు ఎప్పటికైనా కావాలనిపిస్తాయా అన్నదే అసలు ప్రశ్న.

అగస్టీను పేరు వచ్చింది కాబట్టి, ఆయన చిన్ననాటి ముచ్చట మీవారికి వినిపించమని కోరుతున్నాను. తన ఆత్మకథ మొదటి భాగంలోనే ఆయన, బాల్యంలో తనకు గ్రీకు అంటే పడేది కాదని ఒప్పుకున్నాడు. లాటిన్ తనకు దాదుల లాలనలో, నవ్వులాటల మధ్య, ఏ భయమూ లేకుండా వచ్చిందని, గ్రీకును మాత్రం బెదిరింపులతోనూ దండనలతోనూ నేర్పబోయారని, భాష నేర్చుకోవడానికి భయంతో కూడిన నిర్బంధం కన్నా స్వేచ్ఛగా కలిగే కుతూహలానికే ఎక్కువ బలమున్నదని రాశాడు. ఆ గ్రీకు ఆయనకు జీవితాంతం అంతంతమాత్రమే. అయినా హిప్పో పట్టణానికి బిషప్పై, పశ్చిమ సంఘానికి గురువుగా నిలిచాడు. ఇంకొక గ్రంథంలో ఆయనే, లేఖనం అర్థం చేసుకోవాలంటే హెబ్రీ, గ్రీకు భాషలు రావాలని విద్యార్థులకు గట్టిగా చెప్పాడు. తనకు చేతకానిదాని విలువ తెలిసిన మనిషి ఆయన. అందుకే ఆయన చెప్పిన రెండు మాటలనూ కలిపి వినాలి. ఈ భాషలు విలువైనవి, కానీ భయపెట్టి నేర్పితే ఆ విలువ బిడ్డకు చేరదు. ఆదివారం సాయంత్రం వచ్చే ఆ కడుపునొప్పి మీ ఇంటి దాకా వచ్చిన భయమే.

ఇప్పుడు మీ గురించి. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన నేను లాటిన్‌లో పిల్లకు ఏం సాయం చేయగలను అని రాశారు. అమ్మా, ఆ ఇంట్లో ఈ విషయంలో సాయం చేయగలిగినవారిలో మీరే మొదటివారు. మీ పాప పుస్తకంలో "పుయెల్లా రోసమ్ ఆమాత్" వంటి వాక్యాలు ఉంటాయి. పుయెల్లా అంటే బాలిక, రోసమ్ అంటే గులాబీని, ఆమాత్ అంటే ప్రేమిస్తుంది. "బాలిక గులాబీని ప్రేమిస్తుంది." ఒక్క మాట కూడా అటు ఇటు జరపనక్కరలేదు. క్రియ చివర ఉండటం లాటిన్‌లో సర్వసాధారణం, మనకు అదే సహజం. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పిల్లకు "రోసా" అన్న మాట చివర "మ్" చేరినంత మాత్రాన అర్థం ఎందుకు మారాలో బోధపడదు, ఎందుకంటే ఇంగ్లీషులో ఎవరు ఎవరిని అన్నది మాటల వరుసను బట్టి తెలుస్తుంది. మనకు అలా కాదు. "రాముడు రావణుని చంపెను" అన్నా, "రావణుని రాముడు చంపెను" అన్నా చచ్చినవాడు రావణుడే. ఆ "ని" ప్రత్యయం చేసే పనినే అక్కడ "మ్" చేస్తున్నది. మీరు చిన్నప్పుడు బల్ల మీద చెయ్యి కొడుతూ "డు ము వు లు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ గూర్చి గురించి ద్వితీయా విభక్తి" అని చదివే ఉంటారు. మీ పాప దాదాపు అదే విద్య నేర్చుకుంటున్నది. సంస్కృతం బడిలో "రామః రామౌ రామాః" వల్లించిన మన తాతలకు ఈ లాటిన్ పాఠం ఏమాత్రం వింతగా తోచేది కాదు.

ఒక ఉదాహరణ ఇస్తాను, ఈ వారం ప్రయత్నించండి. మీ అత్తగారికి ఇరవై మూడో కీర్తన నోటికి వచ్చి ఉంటుంది. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు." జెరోము లాటిన్ బైబిలులో ఇది ఇరవై రెండో కీర్తన, గ్రీకు అనువాదపు లెక్కను అనుసరించడం వల్ల అంకె ఒకటి తగ్గింది. అక్కడ "దోమినుస్ రెగిత్ మే, ఎత్ నిహిల్ మిహి దేఎరిత్" అని ఉంటుంది. ప్రభువు నన్ను ఏలుచున్నాడు, నాకు ఏదియు కొదువ కాదు. "మే" అంటే నన్ను, "మిహి" అంటే నాకు. ఇంగ్లీషు బైబిలులో ఆ రెండో సగం "నేను కొరతపడను" అన్న తీరులో ఉంటుంది, అందువల్ల ఇంగ్లీషు నుంచి వచ్చే పిల్లలకు ఆ "మిహి" అక్కడ ఎందుకున్నదో అర్థం కాదు. మన "నాకు" దగ్గర అది అచ్చంగా అమరిపోతుంది. మన బడి వ్యాకరణం "కి, కు"లను షష్ఠిలో వేస్తుంది, లాటిన్ వ్యాకరణం ఈ రూపానికి వేరే పేరు పెడుతుంది, ఆ తేడా గురించి పాప అడిగితే చెప్పండి, లేకపోతే వదిలేయండి. నాయనమ్మ తెలుగులో ఒక ముక్క చెప్పాలి, పాప లాటిన్‌లో దాని జోడీ వెతకాలి. రెండు మాటలు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో ముగ్గురూ కలిసి చూడండి. కాపరి అన్న మాట లాటిన్‌లో ఏమైపోయిందని ఆవిడ తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకు పాప తన టీచరు దగ్గర జవాబు తెచ్చుకోవాలి. దీన్ని అతిగా ఊహించుకోవద్దు కూడా. తెలుగు ద్రావిడ భాష, లాటిన్‌కు చుట్టరికం సంస్కృతంతో. లాటిన్‌లోని అయిదు రకాల శబ్దరూపాలు, లింగాన్ని బట్టి మారే విశేషణాలు తెలుగు వచ్చినంత మాత్రాన రావు, వాటిని కష్టపడి నేర్చుకోవలసిందే.

మీవారితో మాట్లాడే విషయానికి వస్తే, కూతురి ఎదుట ఆయన అన్న మాట మిమ్మల్ని నొప్పించింది, నొప్పించడం సహజం. ఆ సంగతి ఆయనకు విడిగా చెప్పండి. అయితే చెప్పేటప్పుడు వాళ్ళ తాతగారి గురించి అడగడంతో మొదలుపెట్టండి. మీరు ఆ సంగతిని ఒక్క వాక్యంలో దాటవేశారు కానీ, నాకు ఉత్తరం మొత్తంలో మీవారి పట్టుదలకు కారణం అక్కడే కనిపించింది. పల్లెల్లో కాలినడకన తిరుగుతూ తెలుగు బైబిలు ఒక్కటే చేతిలో పెట్టుకుని బోధించిన ఒక ఉపదేశి, తాను చదివే వాక్యం మూలంలో ఎలా ఉంటుందో చూడాలని కోరుకుని ఉంటాడు. ఆ కోరిక మనవడి ద్వారా మునిమనవరాలి దాకా వచ్చింది. అది గౌరవించదగిన కోరిక. ఆ తాతగారి కోరిక గ్రీకు మీద కదా అని, ఆయన ఆ కోరికను మోసింది తెలుగులో కదా అని మీరు అడిగితే, మీవారు ఆలోచనలో పడతారని నాకు అనిపిస్తున్నది.

ఇక మీ ముందున్న దారులు. పిల్లను అదే బడిలో ఉంచి పద్ధతి మార్చమని అడగడం ఒకటి. టీచరును కలిసి మూడు విషయాలు కనుక్కోండి. పాప ఏ శబ్దరూపాల దగ్గర ఆగిపోతున్నది, అనువాదం బదులు చిన్న చిన్న లాటిన్ కథలు చదివి అర్థం చేసుకునే పని కొంతకాలం ఇవ్వవచ్చా, హోంవర్కు నలభై నిమిషాలు దాటితే ఆపేయడానికి అనుమతిస్తారా. అసలు వాక్యంలో అర్థాన్ని సందర్భం నుంచే గ్రహిస్తూ మొదటి పేజీ నుంచీ లాటిన్‌లోనే నడిచే పాఠ్యపుస్తకాలు ఉన్నాయి, కొన్ని బడులు వాటికి మారాయి కూడా. చాలామంది ఉపాధ్యాయులు ఇటువంటి విన్నపాన్ని మన్నిస్తారు. వారు ఒప్పుకుంటే నేనైతే ఇంకొక ఏడాది చూస్తాను. మంచి స్నేహితులు, పరిచయమైన వాతావరణం, ప్రార్థనతో మొదలయ్యే రోజు పాపకు ఇష్టమేనని మీరే రాశారు. ఒక్క సబ్జెక్టు కోసం వాటన్నిటినీ తెంచేయడం పెద్ద నష్టం. వారు ససేమిరా అంటే, పిల్లకన్నా ప్రణాళికే ముఖ్యమనుకునే బడి అని అర్థం. అప్పుడు ఫిబ్రవరి సంతకం గురించి నిజంగా ఆలోచించాలి.

ప్రభుత్వ పాఠశాలకు మార్చడం ఇంకొక దారి. ఒత్తిడి వెంటనే తగ్గుతుంది, ఫీజు మిగులుతుంది, సాయంత్రాలు తిరిగి వస్తాయి. అయితే టెక్సాస్‌లో హైస్కూలు పూర్తి కావాలంటే ఇంగ్లీషు కాక మరొక భాషలో రెండు క్రెడిట్లు సాధారణంగా కావాలి, పరాయి భాష బెడద పూర్తిగా తప్పదు. తెలుగుకు క్రెడిట్ ఇచ్చే వీలున్నదేమో మీ డిస్ట్రిక్టు ఆఫీసులో అడగండి. ఇందులో ఇంకొక చిక్కు ఉన్నది. లాటిన్ రానందువల్ల బడి మార్చారని పాప అనుకుంటే, ఆ రాత్రి ఆమె అడిగిన ప్రశ్నకు మీరు అవునని జవాబు చెప్పినట్టే అవుతుంది. మార్చేటట్లయితే ఆమె కాస్త కోలుకుని, ఒకటి రెండు పరీక్షల్లో నిలదొక్కుకున్నాక మార్చండి.

మతంతో సంబంధం లేకుండా, ప్రభుత్వ నిధులతో విడిగా నడిచే క్లాసికల్ చార్టర్ పాఠశాలలు టెక్సాస్‌లో ఉన్నాయి, ఫీజు ఉండదు, కానీ వాటిలోనూ లాటిన్ ఉంటుంది కనుక మీ సమస్య తీరదు. వారానికి రెండు మూడు రోజులు బడి, మిగతా రోజులు ఇంట్లో చదువు అనే పద్ధతి మీ ఉద్యోగంతో కుదరదని మీరే రాశారు.

మీవారు ఒప్పుకుంటే నాకు నచ్చే దారి మరొకటి ఉన్నది. ఎనిమిదో తరగతి వరకు లాటిన్‌ను ఉత్తీర్ణతకు సరిపడా మాత్రమే చదవనిచ్చి, పాపకు ఆసక్తి పుడితే తొమ్మిదిలో గ్రీకు తీసుకోనివ్వడం. గ్రీకు లిపి కొత్తగా, ముచ్చటగా ఉంటుంది, పద్నాలుగేళ్ళ పిల్ల రెండు వారాల్లో నేర్చుకుంటుంది. కొత్త నిబంధన గ్రీకులో యోహాను సువార్త మొదటి అధ్యాయం చాలా తేలిక వాక్యాలతో ఉంటుంది, ఒక్క సంవత్సరం శ్రద్ధగా చదివిన విద్యార్థి దానిని నిఘంటువు సాయంతో చదవగలడు. "ఆదియందు వాక్యముండెను" అన్నచోట "వాక్యము" వెనుక ఉన్న "లోగోస్"ను తన కళ్ళతో చూసిన రోజు, వాళ్ళ ముత్తాత కోరిక ఆ పిల్లలో తీరుతుంది. ఆసక్తి పుట్టకపోతే వదిలేయండి. నా విద్యార్థుల్లో గ్రీకు ఒక్క ముక్క రానివారు ఎందరో ఇప్పుడు మంచి సంఘ కాపరులుగా ఉన్నారు.

ఏ దారి పట్టినా శనివారం తెలుగు తరగతిని తిరిగి మొదలుపెట్టండి. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మీ పక్షమే. లాటిన్ ఇరవై ఏళ్ళకు మొదలుపెట్టినా వస్తుంది, దానికి పుస్తకాలు, గురువులు ఎక్కడికీ పోరు. నాయనమ్మతో మాట్లాడే తెలుగుకు నాయనమ్మ ఉండాలి. అయితే మీ అత్తగారికి కూడా ఒక మాట చెప్పండి. మన బైబిలు తెలుగు గ్రాంథికం. "చెప్పుచున్నాను", "ఉండెను" అన్న రూపాలు ఇంట్లో తెలుగు వినే పిల్లలకే కష్టం, అక్కడ పుట్టిన పిల్లకు అవి ఇంకొక లాటిన్‌తో సమానం. అధ్యాయాలు చదివి వినిపించడం కన్నా, వంట చేస్తూ, బట్టలు మడత పెడుతూ, తమ ఊరి గుడి గంట గురించి, క్రిస్మసు రాత్రి పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగిన రోజుల గురించి మాట్లాడితే పాప వింటుంది. కీర్తన మాత్రం రోజుకు ఒక్క వచనం, లాటిన్ జోడీతో సహా, పైన చెప్పినట్టు.

బాబు సంగతి ఇప్పుడే తేల్చవలసిన పని లేదు. ఆ బడిలో లాటిన్ మూడో తరగతిలో కదా మొదలయ్యేది, మీకు ఇంకా రెండేళ్ళ వ్యవధి ఉన్నది. అక్క విషయంలో స్కూలు వారు ఎలా నడుచుకున్నారో చూసి నిర్ణయించుకోవచ్చు. టీచరును కలిసే రోజున పాపను కూడా వెంట తీసుకువెళ్ళండి, ఆమె తన ఇబ్బందిని తన మాటల్లో చెప్పేదాకా మీరిద్దరూ ఆగండి. అత్తగారి తిరుగు ప్రయాణం మార్చిలో అని రాశారు. ఆ కీర్తనలో ఆరు వచనాలే ఉన్నాయి, రోజుకొకటి చొప్పున ఆరు రోజుల పని. ఆవిడ వెళ్ళేలోగా ఎన్నో కీర్తనలు పూర్తవుతాయి.